చూడని మాత్రకు నా సాక్ష్యం

నేను ఒక బార్‌కోడ్ స్కానర్‌ని. మందుల పెట్టెల మీద నల్లగీతలు ఉంటాయి చూడండి, వాటి మీద ఎర్రటి వెలుగు పడేసి, చదవడం పూర్తవగానే ‘కీక్’మంటాను. నా పని అంతే. ఆ ఒక్క కూతను నమ్మినంతగా మనుషులు తమ కళ్లను కూడా నమ్మరు.

ఎక్కడ తయారయ్యానో గుర్తులేదు. బుద్ధెరిగేసరికి కాకినాడలో ఒక సూపర్‌మార్కెట్‌లో సబ్బులకీ బిస్కెట్లకీ కూస్తున్నాను. అక్కడ తప్పు జరిగితే పోయేది మహా అయితే ఒక సబ్బు. ఆ కొట్టు మూతపడ్డాక, సముద్రపు ఒడ్డున ఉన్న ఒక చిన్న ట్రస్టు ఆసుపత్రివాళ్లు కంప్యూటర్లతో పాటు నన్నూ కొనుక్కుపోయి, మందుల కౌంటర్‌లో ప్రసన్నకుమారి చేతికిచ్చారు.

డాక్టరు సోమయాజులు గారు తన గదిలో మందు రాస్తే మా తెర మీద కనబడుతుంది. ప్రసన్న మాత్రల షీటు తీసి నాకు చూపించాలి. రాసిందీ తీసిందీ ఒకటైతేనే కూస్తాను. “ఇంక పొరపాటన్న మాటే ఉండదు” అని ఆయన అందరికీ చెప్పుకున్నారు.

చిక్కల్లా మెరిసే షీట్లతోనే. వాటి మీద గీతలు నాకు ఓ పట్టాన అందవు. ప్రసన్న అటు తిప్పి, ఇటు తిప్పి, చీర కొంగుతో తుడిచి చూపిస్తుంటే వరసలోవాళ్లు ఊరుకుంటారా? “ఏటండీ, ఎంతసేపండీ! బస్సెల్లిపోద్దండి!” అని గోల. పాపం, పొద్దుటినుంచీ నిలబడే మనిషి. ఒకనాడు ఆవిడే ఉపాయం కనిపెట్టింది. రోజూ ఇచ్చే మందుల గీతల్ని పాత పెట్టెల నుంచి కత్తిరించి, ఒక అట్టముక్క మీద అంటించి, పక్కన మందు పేర్లు రాసుకుంది. మాత్రలు ఒక చేత్తో కవర్లో వేస్తూ, రెండో చేత్తో నాకు అట్టను చూపించేది. నేను కీక్ మనేవాణ్ని. వరస పరిగెత్తింది, డాక్టరుగారు మెచ్చుకున్నారు. నాకూ హాయిగానే ఉంది, అబద్ధమెందుకు.

లోవతల్లి అని, ఊళ్లో చేపలమ్మే మనిషి, డాక్టరుగారు రాసిన తక్కువ పవరు షుగరు మాత్రల కోసం వచ్చింది. ఎక్కువ పవరు మాత్రలు కూడా అదే ఆకుపచ్చ షీట్లలో వస్తాయి. సరుకు సర్దినప్పుడు అవి తక్కువ పవరు అరలో కలిసిపోయాయి. ప్రసన్న చేతికి అవే వచ్చాయి. ఆవిడ నాకు అట్ట చూపించింది. నేను కూశాను.

ఆ తర్వాత లోవతల్లి, నెత్తిమీద గంప ఉండగానే బజార్లో పడిపోయింది. షుగరు అడుగంటిపోయిందట. మా ఆసుపత్రికే తెస్తే గ్లూకోజెక్కించి బతికించారు. డాక్టరుగారు తెర చూశారు. “ఇచ్చింది తక్కువ పవరే, స్కాన్ కూడా అయింది. ఈవిడే మర్చిపోయి రెండుమూడు వేసేసుకుంది” అన్నారు. నా కూతే సాక్ష్యం.

లోవతల్లి కోడలు నూకరత్నం మందుల కవరు పట్టుకొచ్చి, “ఇయ్యేనా కాదా చూడండి మేడంగారూ” అంది. కవరు విప్పిన ప్రసన్న ముఖంలో నెత్తుటిచుక్క లేదు. “వేరే షీటు ఇస్తానమ్మా” అని సరైనవి ఇచ్చి, ఆ షీటును సొరుగులోకి తోసేసింది. అట్టను ముక్కలు ముక్కలుగా చింపింది. ఆనాటినుంచి ప్రతి షీటూ నాకే చూపించింది కానీ, చెప్పాల్సిన మాట మాత్రం చెప్పలేదు. ఉద్యోగం పోతుందని భయం. నాకైతే భయం కూడా అడ్డులేదు, నోరే లేదు.

ఇంటికెళ్లేరోజు అత్తాకోడళ్లిద్దరూ కౌంటర్ దగ్గరికొచ్చారు.

“ఇకమీదట మందులు నా చేతికే ఇయ్యండి” అంది నూకరత్నం. “ఈవిడికి మతి సరిగ్గా లేదు. గంప కూడా మానిపించేశాం.”

లోవతల్లి తల దించుకుంది. “ఒకటే ఏసుకున్నట్టు గురుతండి నాకు. కానీ కంపూటరు అబద్దమాడదు కదండీ! నేనే ఏసుకునుంటాను. నన్ను నేనే నమ్మలేపోతన్నానండి.”

ప్రసన్న నన్ను బల్ల మీద పెట్టి, వరస అలా ఉండగానే బయటికొచ్చింది.

“మీరు ఒకటే వేసుకున్నారమ్మా. తప్పు మాత్రలిచ్చింది నేను. కంప్యూటర్‌కి ఒకటి చూపించి, మీ చేతిలో ఇంకోటి పెట్టాను. తెలిశాక కూడా దాచాను.”

నూకరత్నం ఆసుపత్రి ఎగిరిపోయేలా అరిచింది. ఆ అరుపులు న్యాయమే. లోవతల్లి మాత్రం “అయితే నేను మర్చిపోలేదాండీ?” అని అడిగింది. లేదని ప్రసన్న చెప్పగానే, బెంచీ మీద కూలబడి ఏడ్చింది. ఏడుస్తూనే ప్రసన్న చెయ్యి పట్టుకుని చల్లగా ఉండమంది. ఆ దీవెనకు ప్రసన్న తలెత్తలేకపోయింది.

డాక్టరుగారు ప్రసన్నకు మెమో ఇచ్చారు, ఉద్యోగం ఉంచారు. మెరిసే షీట్లను కూడా చదివే కొత్త స్కానర్ తెప్పించారు. నన్ను కౌంటర్‌లోనే, ఎప్పుడూ తెరిచుండే సొరుగులో పడేశారు. లోవతల్లి గంప మళ్లీ నెత్తికెక్కింది.

మందులకు వచ్చినప్పుడల్లా ప్రసన్న ఆవిడకు పేరూ పవరూ పైకి చదివి చెబుతుంది. ఆవిడ తలూపుతుంది. వెళ్లబోతూ మళ్లీ వెనక్కొస్తుంది.

“నేను ఇంటికాడ ఒకటే ఏసుకుంటన్నాను కదండీ, మేడంగారూ?”

ఆ ఇంట్లో ఆవిడ ఎన్ని వేసుకుంటుందో ప్రసన్నకేం తెలుసు? అయినా ప్రతిసారీ, “ఒకటేనమ్మా” అంటుంది.