నీడ కొలతకు కుట్టిన చొక్కా

సాయంత్రం నాలుగున్నరకి బడిగంట కొట్టగానే పిల్లలంతా మైదానానికి పరిగెత్తేవారు. టైలరమ్మ కూతురు మాత్రం తల వంచుకుని రోడ్డు దాటి, తల్లి దుకాణంలో కుట్టుమిషను పక్కన స్టూలు మీద కూర్చుని లెక్కల పుస్తకం తెరిచేది. పిల్ల నీడ మాత్రం మిగతా పిల్లలతో పాటు మైదానానికే పోయేది.

ఇందులో వీధిలో ఎవరికీ వింతేమీ కనపడలేదు. ఆరున్నరకి నీడ రొప్పుకుంటూ తిరిగొచ్చి పిల్ల మడమలకి అంటుకునేది. "దుమ్ము దులుపుకుని లోపలికి రమ్మను, తెల్లబట్టలున్నాయి" అని మాత్రం అరిచేది టైలరమ్మ.

ఆవిడకి ఆటలంటే పడదు. మనిషి చెడ్డదేం కాదు. కుదురుగా కూర్చోబట్టే తాను ఇంతదాన్నయ్యానని ఆవిడ నమ్మకం. ఎంతదైందో మనం అడగకూడదు. పదిహేనేళ్ళలో తను కుట్టిన బట్ట ఒక్కటి కూడా సరిచేయమని తిరిగి రాలేదని రోజుకి రెండుసార్లు చెప్పుకునేది. వినేవాళ్ళు దొరక్కపోతే మిషనుకి చెప్పేది.

ఒకరోజు డ్రిల్లు మాస్టారు వచ్చాడు. రోడ్డు దాటడానికి కూడా స్కూటరు తీసే మనిషి, పిల్లలకి వ్యాయామం నేర్పుతాడు.

"అమ్మా, రిలే పందేనికి నలుగురు కావాలి, ముగ్గురే ఉన్నారు. మీ అమ్మాయి నీడ అందరికంటే బాగా పరిగెడుతోంది."

"అయితే దాన్నే పరిగెత్తించుకోండి. నేనేమైనా ఆపానా?"

"కర్ర అందిస్తే దాని చేతిలో నిలవట్లేదమ్మా. దానికి పరుగుంది, పట్టు లేదు. మీ అమ్మాయికి పట్టుంది, పరుగు లేదు. ఇద్దర్నీ కలిపి పంపితే ఒక మనిషవుతుంది."

"లెక్కల్లో మార్కులు మీరేస్తారా మాస్టారూ?"

మాస్టారుకి తన చిన్ననాటి మార్కులు గుర్తొచ్చాయేమో, గబగబా స్కూటరెక్కాడు. పిల్ల తలెత్తలేదు. ఏడో ఎక్కం మీద ఒక చుక్క పడింది. టైలరమ్మ చూసి, మిషను నూనె అనుకుంది.

ఆ వారమే కొత్త యూనిఫాం కుట్టాల్సొచ్చింది. కొలతలకి లేవమంటే "ఈ ఒక్క లెక్కా అయిపోనీ అమ్మా" అంది పిల్ల. లెక్క మధ్యలో లేపడానికి టైలరమ్మకి మనసొప్పలేదు. నీడ అప్పుడే ఆటనుంచి వచ్చి గోడమీద నిటారుగా నిలబడి ఉంది. టేపు దానికే పెట్టేసింది.

సోమవారం చొక్కా తొడిగితే భుజాలు మోచేతులవైపు జారాయి, కాలరు గడ్డం కింద గుచ్చుకుంది, ముందు అంచు వెనక అంచుకంటే నాలుగంగుళాలు కిందికి వేలాడింది. పక్క కొట్టు ఇస్త్రీ బాబాయి పెట్టె పక్కనపెట్టి మరీ వచ్చి చూశాడు.

"ఎవరికి కుట్టావే అమ్మాయీ ఇది?"

"నా కూతురికే."

"మరి ఆ కూతురు ఎక్కడుంది? పోనీ, భుజాల దగ్గర కాస్త విప్పి కుడితే..."

విప్పడమన్న మాట వినగానే టైలరమ్మ మొహం కందగడ్డయింది.

"నా కొలత తప్పలేదు బాబాయ్. పిల్లే తప్పింది."

పిల్ల మెల్లగా అంది: "నీడకి సరిపోతుంది కదమ్మా. నేను కూడా దాంతో వెళ్తే..."

టైలరమ్మ కత్తెరవైపు చూసింది, వంగిపోయిన పిల్లవైపు చూసింది. కాసేపటికి కత్తెర సొరుగులో పెట్టేసింది.

"నెలరోజులు వెళ్ళు. ఆ చొక్కాని మాత్రం నేను ముట్టుకోను."

మొదటిరోజు పది అడుగులకే పిల్ల ఆయాసంతో కూలబడింది. నీడ మలుపుదాకా వెళ్ళి, వెనక్కి చూసి, తిరిగొచ్చి పక్కన కూర్చుంది. రెండోవారం మడమలు పట్టుకుని లాగింది. మూడోవారం లాగడం మానేసింది.

పందెం రోజు టైలరమ్మ దుకాణం మూసి వచ్చింది. కుట్టు ఎలా కూర్చుందో చూడ్డానికే వచ్చానని దారిలో కనిపించిన ప్రతివాళ్ళకీ, అడక్కపోయినా చెప్పింది. కంచె దగ్గర ఇస్త్రీ బాబాయి పక్కన నిలబడింది. మూడో పిల్ల కర్ర చాచి దూసుకొస్తోంది. చివరి పరుగు టైలరమ్మ కూతురిది. వెన్ను నిటారుగా పెట్టి చెయ్యి చాచింది. భుజం కుట్టు సరిగ్గా భుజమ్మీద కూర్చుంది.

"చూశావా బాబాయ్? నూలుపోగంత తేడా లేదు!"

"చొక్కా సంగతి సరే, పిల్లని చూడవే!"

టైలరమ్మ చూసింది. కర్ర గుప్పిట్లో బిగించి పిల్ల అప్పటికే మలుపు తిరిగిపోయింది. నీడ నాలుగడుగుల వెనక, నడుం పట్టుకుని రొప్పుకుంటూ వస్తోంది.