బావి దగ్గర కడవల వరస

"ఇదంతా ఎవరి కోసమే? గ్యాస్ పడిందంటే పొయ్యి ఊదే బాధ తప్పేది నీకే కదా!" అన్నాడు దొరైసామి, సంగటి ముద్ద పులుసులో అద్దుకుంటూ.

సరసు ఊదుగొట్టం కింద పెట్టి, మండే కళ్లతో మొగుణ్ణి చూసింది. పెళ్లయిన పదకొండేళ్లలో ఆమె పొయ్యి గురించి అతను మాట్లాడటం ఇదే మొదలు. కంపెనీ వచ్చేదాకా ఆ పొగ అతని కంటికి ఆనలేదు.

తమిళనాడులో ధర్మపురి దాటినాక హరూర్ రోడ్డు పక్కన వెలిసిన కాలనీ వాళ్లది. అందరూ ఇళ్లు కట్టే పనులకు పోయేవాళ్లే. ఆ ఎండాకాలం కాలనీ వెనక మెట్టలో ఒక కంపెనీ గుడారాలు వేసింది. భూమిలో గ్యాస్ ఉందేమో చూస్తారంట. ఇనుప గోపురంలాంటి యంత్రం పగలంతా నేలను తొలుస్తుంటే ఇళ్లలో గిన్నెలు అదిరేవి. దొరైసామికి అక్కడ వాచ్‌మన్ పని, ఒక ఖాకీ చొక్కా దొరికినాయి. ఆ చొక్కా ఉతికేది సరసే.

యంత్రానికి నీళ్లు కావాలి. కాలనీకి ఉన్నది ఒక్కటే బావి. తెల్లారగానే కంపెనీ లారీ వచ్చి అందులో పైపు వేసేది. అది పోయేసరికి అడుగున బురదే మిగిలేది. మళ్లీ ఊరేదాకా కాచుకుంటే పనికి ఆలస్యం. ఆలస్యమైతే "ఏం మహారాణీ, ఇప్పుడు లేచినావా?" అని మేస్త్రీ అందరి ముందరా నవ్వేవాడు. అందుకని సరసు రైలుకట్ట అవతలి తోట దాకా నడిచేది. తోట ఆసామి పెళ్లాం మీనాక్షమ్మ, "రెండు కడవలు దాటితే రేపట్నుంచి రావద్దు" అనేది. ఇంటికొస్తే అత్త వెంకటలక్ష్మమ్మ కడవలోకి తొంగిచూసి, "ఇంతేనా?" అనేది. అప్పుడు దొరైసామి స్నానానికి కూర్చునేవాడు. ఒక కడవ నీళ్లు అతని వీపు మీదుగా నేలకు పోతుంటే సరసు మెడ నరం నొప్పెట్టేది. ఈ నీళ్ల మోత పని కిందికే రాదు, ఎవరూ దానికి కూలి కట్టరు, ఎవరూ దాని పేరు కూడా ఎత్తరు అనుకునేది.

ఒక ఆదివారం మగవాళ్లు మారెమ్మ గుడి ముందర కూర్చుని కంపెనీ మేనేజరుతో మాట్లాడినారు. పని అయ్యేదాకా బావి మొత్తం కంపెనీ వాడుకుంటుంది, ఇంటికొక మగవాడికి పని ఇస్తుంది. అందరూ సరేనన్నారు.

"మరి మాకు నీళ్లు?" వెనక నుంచి అడిగింది సరసు.

ఎవరో నవ్వినారు. దొరైసామి తల దించుకుని, "పోయి అందరికీ టీ పెట్టుకొని రాపో" అన్నాడు.

ఆమె పెట్టింది. ఇరవై మందికి టీ అయ్యాక కడవ అడుగున కూతురి ముఖం కడిగేటన్ని నీళ్లు కూడా మిగల్లేదు. ఎంగిలి గ్లాసులను బూడిదతో తుడుస్తూ తుడుస్తూ ఆగిపోయింది. నేను మోసిన నీళ్లు తాగుతా, నా బావి ఇచ్చేసినారే అనుకుంది. చేతిలో గ్లాసు అట్లాగే వదిలేసి పక్కింటి కణ్ణగి దగ్గరికి పోయింది.

మరునాడు కాలనీ ఆడవాళ్లు ఎవరూ పనికి పోలేదు. లారీ వచ్చేసరికి బావి చుట్టూ కడవలు వరసగా ఉన్నాయి. డ్రైవరు హారన్ కొట్టినాడు.

"జరగండమ్మా, టైమవుతాంది."

"మా వెనక వరసలో నిలబడన్నా," అంది సరసు. "నూట ఎనభై కడవలు. మావి నిండినాక నీ పైపు."

ఒక్కో కడవా తీరిగ్గా తోడినారు. నీళ్లు అడుగంటితే ఊరేదాకా కూర్చున్నారు. పొద్దు నడినెత్తికి వచ్చేసరికి యంత్రం ఆగింది. అన్ని రోజుల తర్వాత వేపచెట్ల మీది పిట్టల అరుపు వినబడింది.

దొరైసామి పరిగెత్తుకొచ్చినాడు. "లెయ్యే! నిన్ను లేపకపోతే నా పని తీసేస్తాడంట మేనేజరు. ఇంట్లో కూడు లేదు, అమ్మ అరుస్తాంది!"

"అరుస్తా లేనురా, ఇక్కడే ఉండాను," అంది వరస చివర నుంచి వెంకటలక్ష్మమ్మ, ఒళ్లో చిన్న చెంబు పెట్టుకుని. "నా వరస రానీ."

ఆ కడవలు నాలుగు రోజులు కదల్లేదు. మేస్త్రీ పనికి వేరేవాళ్లను పెట్టుకుంటానని కబురు పెట్టినాడు. మేనేజరు పోలీసులను పిలుస్తానన్నాడు. ఒక పోలీసు జవాను వచ్చి, కడవల మీద ఏ కేసు రాయాలో తెలియక తిరిగిపోయినాడు. అయిదో రోజు కంపెనీ వాళ్లు దూరం నుంచి ట్యాంకరుతో నీళ్లు తెప్పించుకున్నారు. ఇక లారీ బావి వైపు రాలేదు.

దొరైసామి పని మాత్రం పోయింది. ఆ పొద్దున అతను గడపలో కూర్చుని, "తీసేసినారు. నీవల్లే! ఇప్పుడు ఇంట్లో కూర్చుని నేనేం చేసేది?" అన్నాడు.

సరసు తల దువ్వుకుని, కొంగు దోపుకుంది. పాత మేస్త్రీ రానివ్వకపోతే ఇంకో మేస్త్రీని వెతుక్కోవాలి. ఆలస్యం చేయదలచుకోలేదు. ఖాళీ కడవ తెచ్చి అతని కాళ్ల దగ్గర పెట్టింది.

"బావిలో నీళ్లుండాయి. నాలుగు కడవలు తెచ్చి, సంగటి కెలుకు. నేను పనికి పోతాండాను."