పెళ్ళి బీరువాలో వరదగీతలు

ఫోన్ మోగేసరికి నా నోటి నిండా నూడుల్స్ ఉన్నాయి. ఎదురుగా కూర్చున్న ఖాయ్ నా గిన్నెలోంచి మాంసం ముక్క ఎత్తుకుపోయి, దాని బదులు తన గిన్నెలోని అరటిపువ్వు తురుము నాకు పెడుతున్నాడు. మాకు పెళ్ళయి పంతొమ్మిది రోజులు. పొద్దున్నే ఈ మార్పిడి జరగకపోతే ఆ రోజు మొదలైనట్టే ఉండదు.

"ఉయెన్ గారేనా? కాలేజీలో విద్యార్థుల గ్యాలరీ చూసేది మీరే కదా?" అంది అవతలి గొంతు. నగర కళానిధి కార్యాలయం నుంచట. ఎల్లుండి, గురువారం తొమ్మిదింటికి ముగ్గురు వస్తారట. మా పోస్టరు మీదున్న వరదగీతల లక్కపటాన్ని కళ్ళారా చూడాలట. పటమూ గదీ నచ్చితే, ఆ గదిని మూడేళ్ళపాటు గ్యాలరీగానే ఉంచమని కాలేజీకి ఉత్తరం రాసి, ఖర్చులు కూడా భరిస్తారట.

"సరేనండీ, తప్పకుండా రండి" అందామనుకున్నాను. నూడుల్స్ అడ్డొచ్చి "ఊఁ, ఊఁ" అన్నాను.

"లాటరీయా?" అన్నాడు ఖాయ్.

మింగి చెప్పాను. వాడు లేచి నిలబడి, మూడో బల్ల దగ్గర తింటున్న ముసలాయనకు కూడా చెప్పేశాడు. "మా ఆవిడండీ! గ్యాలరీ మా ఆవిడదేనండీ!" ఆయన చాప్‌స్టిక్స్ ఎత్తి దీవించాడు. బయట మా హుయే ఊరి వాన సన్నగా పడుతూనే ఉంది. ఆ వాన కూడా నాకోసమే పడుతోందనిపించింది.

మా గ్యాలరీ ఒకప్పుడు సైకిళ్ళ షెడ్డు. నేను చదువుకునే రోజుల్లో, మా బ్యాచ్ వాళ్ళం కడిగి సున్నం వేశాం. చదువయ్యాక కాలేజీ నన్నే దాని బాధ్యురాలిగా తీసుకుంది. ఈ నెలాఖరుకి దాన్ని మళ్ళీ లెక్చరర్ల బళ్ళు పెట్టుకోవడానికి ఇచ్చేస్తారని పరిపాలన చూసే థాక్ గారు రెండుసార్లు నోటీసు పంపారు. "కళ ఎక్కడైనా వేలాడుతుందమ్మా, బండి మాత్రం నీడలోనే ఉండాలి" అంటారాయన. ఈ కబురుతో ఆ బళ్ళని వాననీటిలోనే నిలబెట్టొచ్చు.

కాలేజీకి వెళ్తూనే సెన్‌ని వెతికాను. ఆఖరి సంవత్సరం పిల్ల, పటం తనదే. వాళ్ళ అమ్మమ్మగారి వంటింటి గోడ. ప్రతి వరదకీ నీళ్ళు ఎంతవరకు వచ్చాయో ఆ గోడ మీద ఇంటివాళ్ళు గీత గీసి సంవత్సరం రాసుకుంటారు. ఆ గీతలన్నిటినీ సెన్ లక్కలో దాచింది. ఒక పూత, దాని మీద కోడిగుడ్డు పెంకుల ముక్కలు, మళ్ళీ పూత, వెండిరేకు, మళ్ళీ పూత. అలా పదకొండు పొరలు. ఇప్పుడు చూస్తే నల్లటి పలక. చివరి పూత గట్టిపడ్డాక నీళ్ళలో పెట్టి అరగదీస్తే, లోపలున్న గీతలన్నీ ఒక్కొక్కటే పైకి తేలతాయి. పోస్టరు మీద వేసింది, చివరి పూతకి ముందు ఒక మూల అరగదీసి చూసినప్పటి ఫొటో.

కబురు వినగానే సెన్ ఎగిరి గంతేసింది. "అక్కా, చివరి పూత వేసి నాలుగు రోజులైంది, ఈపాటికి రాయిలా అయిపోయుంటుంది. రండి చూద్దాం!"

పటం ఉన్నది గ్యాలరీ వెనక సామాన్ల గదిలో. గడియ తీసి లోపలికి వెళ్ళగానే సెన్ ఆగిపోయింది. ముక్కు ఎగబీల్చింది. మూలనున్న యంత్రాన్ని చూసింది. "అక్కా... అదేంటి?"

గర్వంగా చెప్పాను. "తేమ లాగే మెషీన్. శనివారం పెట్టించాను. ఫస్టియర్ వాళ్ళ కాగితం బొమ్మలకు బూజు పడుతోంది కదా. నీ పటం కూడా త్వరగా ఆరుతుందని దాని పక్కకే జరిపాను."

నేను ముందుకెళ్ళి పటం మీద వేలు పెట్టాను. వేలు అంటుకుంది. తేనెలో పెట్టినట్టు.

"చెట్టు పాలక్కా అది" అంది సెన్ మెల్లగా. "రంగులా గాలికి ఆరేది కాదు. తడి గాలి ఉంటేనే గడ్డకడుతుంది. మా వర్క్‌షాపులో తడి అలమార ఉండేది, పైకప్పు రిపేరని దాన్ని విప్పేశారు. కాలేజీ మొత్తంలో అంతకంటే చెమ్మ గది లేదనే ఇక్కడ పెట్టాను."

నేను చదివింది డిజైను. ఈ ఊళ్ళో పుట్టినవాళ్ళకి ఏడాదిలో సగం రోజులు చెమ్మతోనే యుద్ధం. బట్టలకి, బియ్యానికి, చెప్పులకి, పెళ్ళి ఫొటోలకి కూడా. తేమని తరిమేస్తే మంచి జరగదని నా బుర్రకి తట్టనే లేదు.

"మెషీన్ ఆపేస్తే చాలదా?"

"గోడలు కూడా ఎండిపోయాయక్కా. పైగా ఐదింటికి తాళం వేస్తారు. రాత్రంతా తడిగుడ్డలు ఎవరు మారుస్తారు?" సెన్ కళ్ళు తుడుచుకుంది. "పోనీలెండి. ఫొటో పెద్దది చేసి పెడదాం. వాళ్ళకేం తెలుస్తుంది?"

"ఊరుకో" అన్నాను. "మూసి ఉండే చెక్క పెట్టె కావాలి, అంతేనా? మనిషి పక్కనే ఉండాలి, అంతేనా?"

"అంతే."

"ఉంది నా దగ్గర."

మా ఇంట్లో బీరువా ఉంది. టేకుది. రెండు తలుపుల మీదా పెళ్ళికి అతికించిన, ఎర్రకాగితంతో కత్తిరించిన జంట సంతోషాల అక్షరాలు ఇంకా ఊడిరాలేదు. అత్తయ్య కొనిచ్చింది. సెన్ పటాన్ని మూతపెట్టెలో పడుకోబెట్టి, రిక్షా ఎక్కి, ఒళ్ళో పెట్టుకుని కదలకుండా కూర్చుంది. నేను వెనకే నడిచాను.

"బీరువాలోనా?" అంది అత్తయ్య. "నా చేత్తో మడతపెట్టిన పట్టుబట్టలున్నాయి అందులో! పెళ్ళయి నెల కూడా కాలేదు, అప్పుడే తడిగుడ్డలు కుక్కుతావా?"

"ఒక్క రాత్రే అత్తయ్యా. ఈ పటం గట్టిపడకపోతే గ్యాలరీ బళ్ళ పాలవుతుంది."

"నాకేం గ్యాలరీ?"

"మీరు పిల్లల బొమ్మలు చూడ్డానికి పోయిన నెల వచ్చారు. గుమ్మడికాయ బొమ్మ దగ్గర అరగంట నిలబడ్డారు."

"ఆ గుమ్మడికాయ బాగుందిలే" అంది అత్తయ్య. తర్వాత చొక్కా చేతులు పైకి మడిచింది. అత్తయ్య మొలకెత్తిన పెసలు చేసి బజార్లో అమ్ముతుంది. గోనెలు, తడి, వెచ్చదనం, ఇవన్నీ ఆవిడ ముప్పై ఏళ్ళ చదువు. నేను బకెట్ నీళ్ళు కుమ్మరించబోతుంటే లాక్కుంది. "నీ మొహం! ముంచెయ్యడం కాదు, చెమ్మ చెయ్యడం. గోనె పిండి వేలాడదియ్యి. ఒక్క చుక్క కూడా పటం మీద పడకూడదు. కింద గోరువెచ్చని నీళ్ళ గిన్నె పెట్టు. మొలకకైనా లక్కకైనా పద్ధతి ఒకటే, నోరు మూసుకుని వెచ్చగా కూర్చోబెట్టాలి."

పట్టుబట్టలు మంచం మీదకి వచ్చాయి. మేము నేలమీదకి వచ్చాం. "మంచం మీద బట్టలు కాపురముంటే నా తలగడ ఏది?" అన్నాడు ఖాయ్. "ఎర్ర పెళ్ళి అంగీయే నీ తలగడ" అన్నాను. దాని మీద తలపెట్టి పడుకున్నాడు కూడా. భలే నవ్వొచ్చింది.

బుధవారం పొద్దున నాకు కళ్ళు తెరుచుకోలేదు. చేత్తో తడుముకుంటే బుగ్గలు బూరెల్లా ఉన్నాయి, వొళ్ళంతా దురద. నిన్న వేలు పెట్టింది గుర్తొచ్చింది.

"అమ్మా!" అరిచాడు ఖాయ్. "నా పెళ్ళాన్ని ఎవరో మార్చేశారు!"

అత్తయ్య వచ్చి చూసి, "లక్క పరిచయం చేసుకుంది" అంది తేలిగ్గా. పెరట్లో నక్షత్ర పళ్ళ చెట్టు కొమ్మలు విరిచి తెచ్చి, ఆకులు మరగబెట్టి, ఆ నీళ్ళతో మొహం కడిగింది. "పని నేర్చుకునే పిల్లలందరికీ మొదటిసారి ఇలాగే ఉబ్బుతుంది. రెండోసారికి అలవాటవుతుంది. రేపు పెద్దమనుషుల ముందు ఈ మొహంతోనే నిలబడు, ఏం సిగ్గు? పని చేసినట్టు గుర్తు." నా అద్దంలో ఒక బన్ను నాకేసి చూసింది. ఇక అద్దం వైపు వెళ్ళలేదు.

మధ్యాహ్నం రెండింటికి సెన్ వచ్చింది. బీరువా తలుపు సందు చేసి, వంగి, పటం మీద నోటితో హా అని ఆవిరి ఊదింది. నల్లటి పలక మీద పలచటి పొగలాంటి నీలం సమంగా పరుచుకుని, చప్పున మాయమైంది. వేలు పెట్టింది. అంటలేదు.

"గట్టిపడింది!" అంది సెన్.

అత్తయ్య తన బీరువాని తట్టింది, దూడని తట్టినట్టు.

కానీ సెన్ మొహం వెలగలేదు. "అక్కా, ఇప్పుడు అరగదియ్యాలి. మూడు రకాల గరుకు కాగితాలతో, నీళ్ళలో ముంచి. ఎంత తొందరపడినా ఆరేడు గంటలు. ఒక్క చోట ఎక్కువ రుద్దితే గుడ్డుపెంకు కూడా పోయి చెక్క తేలుతుంది. దీపం వెలుగులో చేస్తే లోతు తెలీదు, అంతే సంగతులు. రేపు తొమ్మిదికి నల్ల పలకే వాళ్ళ ముందు ఉంటుంది."

కిటికీ దగ్గర నిలబడి వాన చూశాను. ఇంత కష్టపడి నల్ల పలక. అందమైన పలకే, నిజం. వాళ్ళు చూడాలన్నది ఇది కాదు. మరి వాళ్ళు చూడాలనుకున్నది ఎక్కడుంది? లోపలుంది. అది బయటికి రావడం ఇంతవరకు ఎవరైనా చూశారా?

"సెన్, వాళ్ళ ముందు అరగదియ్యగలవా?"

"వాళ్ళ ముందేనా?"

"గ్యాలరీ మధ్యలో. తొట్టిలో. వాళ్ళు నిలబడి చూస్తుంటే."

"తప్పు రుద్దితే అందరి ముందూ పాడవుతుంది."

"మీ అమ్మమ్మ వంటిల్లు అన్నావు. ఆ గీతలు ఎక్కడెక్కడున్నాయో నీ చేతికి తెలుసు. నాకు తెలీదు, నీకు తెలుసు."

తను చేతులు చూసుకుంది. తలూపింది.

థాక్ గారి దగ్గరికి వెళ్ళాం. ఆయన నా మొహం చూసి కుర్చీ వెనక్కి జరుపుకున్నారు. విషయం విని కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. "అమ్మా ఉయెన్, తలుపు మీద బోర్డు రాసింది నువ్వే కదా. గొడుగు బయట, తడి చెప్పులు బయట, నీటి చుక్క లోపలికి రాకూడదు. నన్ను కూడా గుమ్మంలో ఆపావు, గుర్తుందా?"

"గుర్తుందండీ. తప్పు రాశాను."

"నేల పాడైతే?"

"నేనే కడుగుతాను. ఒకప్పుడు ఈ షెడ్డంతా కడిగాను కదండీ."

ఆయన సొరుగు తీసి, తాళంచెవి బల్లమీద పెట్టారు. "ఏడింటికే తెరుచుకోండి. నేనూ వస్తాను. బళ్ళ స్థలం కొలవడానికి కాదులే."

గ్యాలరీకి వెళ్ళి బోర్డు ఊడబీకాను. కాగితం బొమ్మలన్నీ గోడల మీద పైవరుసకి ఎక్కించాం. అత్తయ్య తన పెసల తొట్టి ఇస్తానంది. ఖాయ్ సెలవు పెట్టేశాడు. తనకి నీళ్ళ మీటర్లు చదివే ఉద్యోగం, "నీళ్ళ పని అయితే నా డ్యూటీయే కదా" అన్నాడు.

గ్రూపులో పిల్లలకి ఇలా రాశాను. "రేపు ఏడింటికి అందరూ రండి. తొట్టి మధ్యలో పెడతాం. ఆ వరదలు తెచ్చిన నది నీళ్ళే ఖాయ్ బిందెలతో తెస్తాడు. తొమ్మిదింటికి సెన్ రుద్దడం మొదలుపెడుతుంది, మొదటి గీత బయటపడేదాకా ఎవరూ మాట్లాడొద్దు. గొడుగులు లోపలికి తెచ్చుకోండి."