అవతలి కొస

ఐదింటిలోగా అయిపోవాల్సినవి ఇవి: సర్వర్ గది నేల పలకలు ఎత్తడం, ఇరవై నాలుగు కేబుళ్లు గోడ అవతలి గదికి పంపడం, ప్రతి కొసకూ నంబరు టేపు చుట్టడం, పలకలు మళ్లీ మూయడం. అవన్నీ అయితే దానయ్య వర్క్ పర్మిట్ ఇంకో రెండేళ్లు పొడిగిస్తారు. కాకపోతే నెలాఖరుకి శ్రీకాకుళం.

మూడయ్యేసరికి దానయ్య పంతొమ్మిదో కేబుల్ నేల కింది గొట్టంలోకి తోస్తున్నాడు. మోకాళ్ల కింద అట్టముక్క, మెడ మీద చెమటకు అంటుకున్న దుమ్ము. రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్ల తేదీలు తలకిందులవుతాయన్న భయంతో ఆ తొంభై తొమ్మిదిలో సింగపూర్‌లోని టాంపినీస్ ఆఫీసులన్నీ పాత తీగలు పీకి కొత్తవి వేయించుకుంటున్నాయి.

గోడకవతల అంకుల్ సెంగ్. అరవై దాటిన చైనీయుడు. నాలుగేళ్లుగా ఇద్దరి పనీ ఇంతే: దానయ్య తోస్తాడు. ముసలాయన కొస అందుకుని, పచ్చ టేపు చుట్టి, అంకె వేసి, రెండుసార్లు లాగి, గొట్టంలోంచి "సొంగ్ దావ్" అంటాడు.

మొదట్లో దానయ్య "సొంగ్, సొంగ్" అని ఊరుకునేవాడు. ముసలాయనకు ఒళ్లు మండేది. "సెండ్ ఓన్లీ నో యూస్ లా! యూ సెండ్ టిల్ దీపావళి, నాట్ రీచ్ మీన్స్ నాట్ రీచ్!"

వాళ్ల భాషలో పనికి ఒక మాట, ఫలితానికి దాని వెన్నంటే ఇంకో మాట. సొంగ్ అంటే పంపడం. దావ్ తగిలితేనే చేరినట్టు. జావ్ అంటే వెతకడం. జావ్ దావ్ అంటే వెతికింది దొరకడం. అది ఒంటబట్టాక దానయ్య ఇంట్లో భార్యకు ఫోన్ చేస్తే "ఉత్తరం రాసినాను" అనడు. "అందిందేటి కొండమ్మా?" అనే అడుగుతాడు.

ఇరవై నాలుగోది తోసేసరికి నాలుగున్నర. అవతలి నుంచి లాగిన జాడ లేదు. గొట్టం దగ్గర నోరుపెట్టి పిలిచాడు. మళ్లీ పిలిచాడు.

ఇంజినీరు సుధాకరరావు కాగితాలతో వచ్చాడు. "ఏమయ్యా దానయ్యా, లాస్ట్‌ది కూడా పంపేశావుగా? కంప్లీట్ అని రాసేస్తున్నా."

"పంపినాను బావూ. సేరిందో నేదో ఆయన సెప్పాల."

"టీకి పోయుంటాడయ్యా! ముందు నీ పర్మిట్ సంగతి చూసుకో."

దానయ్య లేచాడు. "సూసొస్తాను. అందాకా రాయకండి బావూ."

అవతలి గదిలో అంకుల్ సెంగ్ గోడకు చేరగిలబడి కూర్చుని ఉన్నాడు. కళ్లద్దాలు ముక్కు చివరికి జారాయి. ఒళ్లో కేబుల్ కొస, దానికి చుట్టిన పచ్చ టేపు, మీద అంకె. పెన్ను మూత మాత్రం పెట్టలేదు. దానయ్య ఆయన మణికట్టు పట్టుకుని నాడి కోసం వెతికాడు. వెతుకుతూనే ఉన్నాడు. దొరకలేదు.

అంబులెన్సు వాళ్లొచ్చి, చేయగలిగింది చేసి, తీసుకెళ్లిపోయారు. గోడకివతల సుధాకరరావు కాగితాలు మడిచిపట్టుకుని అలాగే నిలబడ్డాడు. అప్పుడు కేబుల్ రెండుసార్లు కదిలింది. గొట్టంలోంచి దానయ్య గొంతు, ముసలాయన అన్నట్టే, నెమ్మదిగా వినబడింది:

"సొంగ్ దావ్."

సుధాకరరావు అప్పుడు కంప్లీట్ అని రాశాడు. పర్మిట్ వచ్చింది. అవతలి గదిలోకి కొత్త మనిషీ వచ్చాడు.

మీరు పంపినదేదైనా ఎవరికైనా చేరిందని తెలిసిన రోజున అంకుల్ సెంగ్‌ను ఒక్కసారి తలుచుకోండి. ఆ నేల పలక కింద ఆయన చుట్టిన పచ్చ టేపు ఇంకా ఉంది. 24లో నాలుగు కొంచెం కిందికి జారింది.