పన్నెండు కిలోమీటర్లు

"మళ్ళీ వెలిగిందా? నాకు కనపడలేదే."

మా ఆయన పేపరు మీంచి తలెత్తలేదు. నేను ఆయన క్యారియరు సర్దుతున్నాను.

కారు పదిహేడేళ్ళది. ఏడాదిగా స్టీరింగు ముందు ఇంజను బొమ్మ పసుప్పచ్చగా వెలుగుతోంది, లోపల ఏదో జబ్బుందని. పనికి వెళ్ళే దారిలో వెలుగుతుంది. మెకానిక్ దగ్గరికి వెళ్ళే పొద్దున మాత్రం ఉండదు. నాలుగుసార్లు వెళ్ళాను. "వెలిగినప్పుడు రండమ్మా" అని నాలుగుసార్లూ పంపించేశాడు. ఫొటో తీద్దామంటే నాది బటన్ల ఫోను.

"జబ్బు బండికి కాదు, నడిపేదానికి" అంది అత్తగారు. ఆయన నవ్వాడు. నేనూ నవ్వాను.

కళ్ళ డాక్టరు దగ్గరికి ఆయనే తీసుకెళ్ళాడు. చుక్కల మందు మండుతుంటే నా చెయ్యి పట్టుకుని కూర్చున్నాడు. కళ్ళలో ఏ లోపమూ లేదన్నాడు డాక్టరు. "అయితే తలలో ఉందేమో. పని మానెయ్, ఇంటిపట్టున ఉండు" అన్నాడు మా ఆయన, ఎంతో మెత్తగా.

నేను కట్టుడుపళ్ళు చేస్తాను. పక్కపంటి రంగుకు కొత్త పంటి రంగు కలపడం నా పని. వెంట్రుకవాసి తేడా నాకు తెలుస్తుంది. కిందటి నెల యజమానిని నేనే అడిగి ప్యాకింగుకు మారాను. నా కంటి మీద నాకే నమ్మకం పోయింది.

ఇవాళ షెడ్డులో మెకానిక్ లేడు, వాళ్ళ అక్క ఉంది. స్టీరింగు కింద మిషను తగిలించి చాలాసేపు చూసింది.

"లైటు ఆరిపోలేదు తల్లీ. ఆర్పేశారు. ఇలాంటి చిన్న మిషనుతో ఆర్పొచ్చు, ఎవరైనా కొనుక్కోవచ్చు. మీ ఇల్లు ఎంత దూరం?"

"పన్నెండు కిలోమీటర్లు."

"ఆర్పేశాక బండి నడిచింది కూడా అంతేనని ఇందులో ఉంది."

ఆవిడ చేతులు తుడుచుకుంటూ అటు తిరిగింది.

ఇవాళ పొద్దున నేను బయల్దేరే ముందు మా ఆయన కారులో కూర్చున్నాడు. చేతిలో గుడ్డ ఉంది. అద్దాలు తుడుస్తున్నా, నీకోసమే అన్నాడు. నేను మెకానిక్ దగ్గరికి వెళ్ళే ప్రతిసారీ తుడిచేవాడు. ఆ సంగతి పనిలో అందరికీ చెప్పుకుని మురిసిపోయాను.

డాక్టరు గదిలో నా చెయ్యి పట్టుకున్నప్పుడూ ఆయనకు తెలుసు. ఏడుపొస్తుందని చూశాను. రాలేదు.

"మళ్ళీ వెలుగుతుంది" అంది అక్క. "ఆర్పితే మిషనులో గుర్తు చెరిగిపోతుంది, అది మిగిలితేనే బండి జబ్బేంటో చెప్పగలను. రెండు రోజులు ఇంటికి తీసుకెళ్ళకు, ఎవర్నీ ముట్టనివ్వకు."

బయటికొచ్చి ఆయనకు ఫోను చేశాను.

"ఏమీ లేదన్నాడుగా?" అన్నాడు.

"రెండు రోజులు బండిని ఇంటికి తేవద్దన్నారు."

"సరే, బస్సులో వచ్చెయ్. అమ్మ అన్నానికి చూస్తుంటుంది."

"నేను రావట్లేదు. పనిచోట వెనకగదిలో మంచం ఉంది."

"నీకేమైంది? బండికేగా రెండు రోజులు?"

"బండికి రెండు రోజులు చాలట. నాకెన్ని పడతాయో తెలీదు."