కాదమ్మ

పొద్దుటి నుంచి ఆమె కొట్టిపారేసిన మచ్చలకు లెక్కలేదు. టెలిస్కోపు పంపిన బొమ్మల్లోంచి కంప్యూటరు ఏరి ఇచ్చిన ప్రతి మచ్చనూ పెద్దది చేసి చూడడం, అది గెలాక్సీ కాదనిపిస్తే తీసేయడం ఆమె పని. ‘కాదు’ మీట నొక్కీ నొక్కీ చూపుడువేలు కొస కాయకాసింది. ఆఫీసులో అందరికీ ఆమె కాదమ్మ. పెళ్లిసంబంధాలకూ అదే మాట చెప్పిందని వెనకాల నవ్వుకుంటారు. తమ్ముడి ఇంట్లో చిన్న గది, ఇక్కడ ఈ కుర్చీ, మధ్యలో బస్సు ప్రయాణం. వేళ్ల కొసలతో కళ్లు నొక్కుకుని మళ్లీ తెర వైపు చూసింది.

పక్క కుర్చీలో బాబాయ్. చుట్టమేమీ కాదు, అదే పని చేసే పెద్దాయన. ప్రతి మచ్చనూ ఇద్దరు చూడాలని నియమం. ఈయనకేమో దేన్నీ తీసెయ్యడానికి చెయ్యి రాదు.

కిందటి నెల ఒక ఎర్రటి చుక్క దగ్గర ఇద్దరూ తగువు పడ్డారు.

“కెమెరా మరక బాబాయ్. నీలం వెలుగులో తీసిన బొమ్మలో లేనే లేదు, చూడు.”

“మరీ దూరపు వెలుగు నీలంలో కనబడదే అమ్మాయ్. పసిగుడ్డేమో, ఉండనీ!”

తగువు పెద్దమేడం దాకా పోయింది.

ఇవాళ భోజనాలయ్యాక ఆవిడ తలుపు తోసుకుని పరిగెత్తుకొచ్చింది.

“ఆ చుక్క వెలుగు విడదీసి చూశారు. గెలాక్సీయే! విశ్వం పుట్టిన కొత్తల్లోది. నక్షత్రాలు పుట్టగొడుగుల్లా పుట్టుకొస్తున్నాయట! ఉంచమన్నది మీలో ఎవరు?”

కాదమ్మ కాయకాసిన వేలి వైపు చూసుకుంది. ఇన్నేళ్లలో ఇలాంటివి ఎన్నింటిని తన చేత్తో తుడిచేసిందో!

“నేను కాదండీ... బాబాయ్.”

ఆయన గడ్డం గుండెకు ఆనించి కునుకు తీస్తున్నాడు.

“లే బాబాయ్! నీ మాటే నెగ్గింది.”

భుజం తట్టింది. తల పక్కకు వాలిపోయింది. చెయ్యి పట్టుకుంటే చల్లగా తగిలింది.

ఇందాక ఏదో అడిగితే పలకలేదని మూతి ముడుచుకుంది కూడా. మూరెడు దూరంలో కూర్చుని, మనిషి పోయిన సంగతి పోల్చుకోలేకపోయింది.

స్ట్రెచర్ వచ్చింది, వెళ్లింది. ఆయన ఇంటికి ఫోను చెయ్యడం ఆమె వంతయింది.

“ఏంటమ్మా, మళ్లీ దెబ్బలాడుకున్నారా మీ బాబాయ్, నువ్వూ?” అంది పిన్ని నవ్వుతూ.

కాదమ్మ ఫోను చెవి దగ్గరే పెట్టుకుని తల దించుకుంది.

బల్ల కింద, లేసు విప్పి ఉన్న, మడమ ఒక పక్కకు అరిగిపోయిన బాబాయ్ ఎడమకాలి బూటు ఒకటి ఉండిపోయింది.