ప్రశ్నలు వేయని సాఫ్ట్‌వేర్

పెళ్లయి ఇరవై రోజులు. శ్రీదుర్గకు ఏలూరు ఊరంతా తన కోసమే కడిగి ఆరబెట్టినట్టుంది. మధ్యాహ్నం క్యారియర్ తీస్తే పెరుగన్నం పక్కన భర్త చంద్రశేఖర్ దాచిపెట్టిన పూతరేకు కనిపించింది. ఆఫీసులో ఎవరికీ పెట్టకుండా తినేసి, మూతి తుడుచుకుని నవ్వుకుంది.

ఆ సంబరంలో ఉండగానే ఆమె పనిచేసే చేపల మేత కంపెనీ మేనేజరు అబ్బాయిరాజు ఆమెకో పని అప్పగించాడు. గణపవరం చుట్టుపక్కల నలభై చెరువుల్లో కొత్త మేత వేసి చూశారు. నూటికి ఎన్ని చేపలు చచ్చాయో తేల్చాలి. దానికి ఏ సాఫ్ట్‌వేర్ సరిపోతుందో ఆమే ఎంచుకోవాలి. స్టాటిస్టిక్స్‌లో ఎమ్మెస్సీ చేసిన పిల్లకు అంతకన్నా పండగేముంది?

ముందు ఉచితంగా దొరికేదానిలో అంకెలు వేసింది. అది సగటు చెప్పనంది. ఆరు చెరువుల గడులు ఖాళీగా ఉన్నాయి, వాటినేం చేయాలో ముందు చెప్పమంది. అందులో ఒక చెరువు ముత్యాలరాజుది. శ్రీదుర్గ ఫోను చేసింది.

"చెరువు మొత్తం పోతే ఆ లెక్క రాయమమ్మా. రాస్తే పక్క చెరువుకీ అంటుద్దని మా వాళ్ల భయం. నాది నూటికి నూరూ పోయిందండీ. మేతదే తప్పని మీ కాయితంలో వస్తే నా కౌలు నిలబడుద్ది. లేదంటే నా చేతకానితనమని ఆసామి చెరువు లాగేసుకుంటాడు."

మిగతా అయిదుగురూ అదే మాట చెప్పారు. ఆరు గడుల్లోనూ నూరు వేసింది. ఆ ఆరూ లేకుంటే అయిదుండే సగటు పంతొమ్మిదికి లేచింది.

అబ్బాయిరాజు తెర చూసి కుర్చీ దగ్గరికి జరుపుకున్నాడు. "ఏవండీ పెళ్లికూతురుగారూ, చచ్చిన చేపలు మీకు ఫోన్లో చెప్పాయా?"

"రైతులు చెప్పారండీ. వాళ్లు ఖాళీ వదిలారంటే..."

"ఖాళీ అంటే ఖాళీయేనండీ. ఆ నూర్లు చెరిపేసి, మనం కొన్న రెండోదానిలో వేయండి. ఖాళీ ఉన్న వరసను అదే వదిలేస్తుంది, నోరెత్తదు. మన అవసరానికి తగ్గది అదీ. మీరూ అలా ఉంటే నెలాఖరుకి పర్మినెంటు. లేదంటే ఇంట్లో కూర్చుని మీ ఆయన చొక్కాలు ఇస్త్రీ చేసుకోండి, ఎవరొద్దన్నారు?"

ఒక్కొక్క నూరూ ఆమే చెరిపింది. రెండోదానిలో వేసి మీట నొక్కగానే అయిదు వచ్చింది. అది లేత నీలం రంగులో గ్రాఫు కూడా గీసి ఇచ్చింది. ఆ రంగు చూసి శ్రీదుర్గ ఒక్క క్షణం ముచ్చట పడింది కూడా.

సాయంత్రం ముత్యాలరాజు ఇస్త్రీ చొక్కా వేసుకుని బస్సు దిగి వచ్చాడు. తనకు చదవడం రాని ఇంగ్లీషు కాగితాన్ని రెండు చేతులా అందుకున్నాడు.

"ఇందులో నా చెరువేదమ్మా?"

అబ్బాయిరాజు పెన్ను మూత తీస్తూ, పెడుతూ ఆమెనే చూస్తున్నాడు. శ్రీదుర్గ వేలు కాగితం మీద జారి, అత్తిలి వైపు ఎవరిదో చెరువు దగ్గర ఆగింది. దాని ఎదురుగా ఇంగ్లీషు అక్షరాల్లో నాలుగని ఉంది.

"ఇదేనండీ."

"ఎంతేశారమ్మా?"

"నూరండీ."

ఆయన ఆ వరసను బొటనవేలితో ఒకసారి తడిమి, కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. "చల్లగా ఉండు తల్లీ. ఇప్పుడే ఆసామికి చూపిస్తాను," అంటూ మెట్లు దిగాడు.